దొడ్డిలో ఊదా కణుపుల మొక్క

శ్రావణమాసం మొదటి సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు బీరన్న తన ఇంటి వెనక గొర్ల దొడ్డిలో మొలిచిన ఒక మొక్క ఆకు తెంపి, నలిపి, వాసన చూసి, నోట్లో పెట్టుకొని నమిలాడు. తొమ్మిదింపావుకు అతని నాలుక మొద్దుబారింది. తొమ్మిదిన్నరకు అది నోట్లో పట్టడం మానేసింది. పదింటికి అరుగు మీద కూర్చున్న బీరన్నను చూడడానికి వాడకట్టంతా వచ్చింది. పెదవుల మధ్య నుంచి కొంచెం బయటికి కనిపిస్తున్న నాలుకను అందరూ చూడనట్టే నటిస్తూ, మర్యాదగా, చాలాసేపు చూశారు.

బీరన్న చేయి ఊపి ఏదో చెప్పబోయాడు. కోడలు మల్లిక నీళ్లనుకొని చెంబు తెచ్చింది. పక్కింటి నరసింహ బీడీ అనుకొని, తన చెవి మీదున్న ఒక్క బీడీనీ త్యాగం చేశాడు. భార్య భద్రమ్మ మాత్రం ఏమీ అనుకోకుండా చల్ల ముంత తెచ్చి అతని నోటికి ఆనించింది.

"తాగు. మాట్లాడేటోళ్లు మస్తు మందున్నరు," అంది.

నాలుక లోపలికి పోయి మాట తిరగడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఇల్లు ఎంత నిమ్మళంగా ఉందంటే, టీవీ సౌండు సగానికి తగ్గించినా సరిపోయిందని కొడుకు పరమేష్ తర్వాత చెప్పాడు.

ఊళ్లో వాళ్లు దీన్ని చెప్పుకొని నవ్వుకున్నారు. నవ్వు రావడంలో తప్పులేదు. ఎందుకంటే ఆ నాలుక మామూలు నాలుక కాదు. దేవరకొండకు పోయే తోవలో, గుట్ట కింద ఉన్న ఆ ఊళ్లో, చుట్టుపక్కల నాలుగూళ్లలో గొర్లు కాసే కుర్మవాళ్లలో, గడ్డి సంగతి వచ్చిందంటే బీరన్న నాలుకే చివరి మాట. అరవై ఏండ్లకు దగ్గర పడ్డ ఆ మనిషి ఏ మొక్కను చేతికిచ్చినా ముందు తేరిపార చూసేవాడు, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకునేవాడు, తర్వాత ముంజేతి లోపలి వైపు రుద్దుకొని కాసేపు ఆగేవాడు. చివరికి నాలుక మీద పెట్టుకొని కండ్లు మూసుకునేవాడు. కండ్లు తెరిచాక చెప్పేదానికి అప్పీలు లేదు. ఇది గొర్రెకు పాలు దింపుతుంది, ఇది కడుపు ఉబ్బిస్తుంది, ఇది మేకకు మంచిదే కానీ గొర్రెకు వద్దు. వాళ్ల నాయిన దగ్గర్నుంచి వచ్చిన విద్య అది. బడి మొఖం చూడని బీరన్నకు గుట్ట మీదున్న ప్రతి ఆకు వంశచరిత్రా నోటికి వచ్చు.

ఒకసారి మాజీ సర్పంచి కొత్తింట్లోకి పోయేటప్పుడు, ముందు గదిలో కుండీలో పెట్టిన మొక్కను చూపించి దీని సంగతేందని అడిగారు. బీరన్న చూశాడు, వాసన పట్టాడు, వేళ్లతో తడిమాడు. "గిది కొండజాతి. మేకలు ముట్టవు," అని తేల్చాడు. అది ప్లాస్టిక్ మొక్క. అయితే రెండో మాట నిజమే కాబట్టి ఎవరూ అతన్ని పట్టుకొని అడగలేదు. పైగా ప్లాస్టిక్కును కూడా సగం సరిగ్గా చెప్పిన మనిషని పేరు ఇంకొంచెం పెరిగింది.

ఆ పేరు మీదే రెండేండ్ల కింద ఎండాకాలం ముప్పై ఒక్క గొర్లు చచ్చిపోయాయి.

అప్పుడు బీరన్న మందా, అతని బామ్మర్ది కాటమయ్య మందా కలిపి మేత కోసం కృష్ణానది వైపు దిగాయి. కాటమయ్య భద్రమ్మకు సొంత తమ్ముడు. పదేండ్లుగా ఇద్దరూ ప్రతి ఎండాకాలం కలిసే నడిచేవాళ్లు. ఆ ఏడు పాత తోవలో చెరువులు ఎండిపోయాయని కొత్త తోవ పట్టారు. ఒక ఎండిన కుంటలో మోకాలెత్తు గడ్డేదో కనిపించింది. ఎండి నిలబడి ఉంది, ఎవరి మందా ముట్టిన జాడ లేదు.

"బావా, గీ గడ్డి నేనెప్పుడు సూడలె. జర ముందుకు కొట్టుకపోదామా?" అన్నాడు కాటమయ్య.

బీరన్న ఒక ఆకు తెంపాడు. చూశాడు, వాసన పట్టాడు, నాలుక మీద పెట్టుకొని కండ్లు మూసుకున్నాడు.

"తియ్యగున్నది. ఏం గాదు, మేపు."

రెండో రోజు పొద్దుటికి మొదటి గొర్రె పండ్లు కొరుకుతూ పడిపోయింది. మూడు రోజుల్లో బీరన్నవి తొమ్మిది, కాటమయ్యవి ఇరవై రెండు. గోతులు తవ్వి తవ్వి ఇద్దరి అరచేతులూ పగిలాయి. అవన్నీ పూడ్చేశాక ఊరికి వచ్చి పశువుల డాక్టరు దివాకర్‌కు చెబితే, ఆయన పాపం ఉన్న మాటే అన్నాడు. "రోగం కావచ్చు, గడ్డి కావచ్చు, తాగిన నీళ్లు కావచ్చు. చూడకుండా నేను చెప్పలేను."

ఆ మూడింట్లో బీరన్న రోగాన్ని ఎంచుకున్నాడు. అడిగిన వాళ్లందరికీ "రోగమొచ్చింది" అన్నాడు. అందరూ నమ్మారు. బీరన్న తప్ప.

ఆ తర్వాత అతను మందను కొత్త చెలకలోకి తోలలేకపోయాడు. గట్టు దగ్గరికి వచ్చి ఆగిపోయేవాడు. ముందు గొర్లు వెనక్కి తిరిగి అతని మొఖం చూసేవి. అతను కట్టె మీద చేతులు పెట్టుకొని గడ్డిని చూస్తూ నిలబడేవాడు. పూటంతా అలా నిలబడితే గొర్లకు కడుపెలా నిండుతుంది? బక్కచిక్కిన మందను పోయిన దసరా తర్వాత మొత్తం అంగట్లో అమ్మేశాడు. అప్పటికే కాటమయ్య తన మందను వదిలించుకొని, కట్టంగూరు దగ్గర ఒక కోళ్ల ఫారంలో పనికి కుదిరాడు. పండక్కి రాలేదు. పరమేష్ బిడ్డకు పుట్టువెంట్రుకలు తీస్తే, పరమేష్‌కు మేనమామగా రావాల్సినవాడు రాలేదు. ఎందుకు రాలేదని బీరన్న అడగలేదు. అడిగితే జవాబు వస్తుందేమోనని భయం.

దొడ్డి ఖాళీ అయింది. జానెడు మందాన ఎరువు పరుచుకొని ఉంది. మల్లిక పనిమంతురాలు, ఆ నేలను చూసి ఊరుకోలేకపోయింది. తొలకరి పడగానే గడ్డపారతో తిరగేసి మిరప, బీర, సొర, గోంగూర విత్తింది. వారానికి మొలకలు వచ్చాయి. వాటికంటే ముందు, వాటికంటే జోరుగా, ఎవరూ విత్తని మొక్కలు ముప్పై దాకా లేచాయి. కంది ఆకులాంటి ఆకు, కానీ గరుకు. కాండానికి ప్రతి కణుపు దగ్గరా ఊదారంగు చుట్టు, చిన్న పిల్ల చేతికి గాజు తొడిగినట్టు.

బీరన్న మొదటి రోజే చూశాడు. అది గుట్ట మొక్క కాదు. చెలకది కాదు, చెరువుకట్టది కాదు. ఎక్కడిదో గొర్ల ఉన్నిలో అంటుకొనో, కడుపులో పడో వచ్చి, పెంటలో పడుకొని, మందంతా పోయాక తీరిగ్గా లేచింది. ఆ ఎండిన కుంటలో గడ్డికి ఇలాంటి కణుపులున్నాయా? ఎంత తలచుకున్నా అతనికి యాదికి రాలేదు. అప్పుడు అతను కణుపు చూడలేదు. ఆకు చూశాడు, అదీ ఎండినది. యాదికి ఉన్నదల్లా నాలుక మీద తీపి.

అందుకే ఆ సోమవారం నమిలాడు. ఇది తియ్యగా లేదు. ముందు చేదు, తర్వాత మంట, తర్వాత ఏమీ తెలియకపోవడం. అరుగు మీద నాలుక బయటపెట్టుకొని కూర్చున్న ఆ గంటలో అతని కడుపులో ఎంత చల్లగా ఉందో వాడకట్టుకు తెలియదు. అది తీపి, ఇది చేదు. అంటే ఇది అది కాదు. అంటే రోగమే.

సాయంత్రానికి ఆ చల్లదనం పోయింది. వానాకాలం ఆకుకు ఒక రుచి, ఎండాకాలం ఆకుకు ఒక రుచి ఉంటుందని ఊరందరికీ చెప్పినవాడు అతనే.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. మల్లిక తన ఫోన్‌లో మొక్కల పేర్లు చెప్పే ఒక యాప్ దించుకొని ఫోటో తీసింది. మొదటిసారి ఫోన్ అది పచ్చిమిర్చి అంది. రెండోసారి ఏదో సముద్రం అవతలి దీవిలో పూసే పువ్వంది. మూడోసారి ఫోటోలో బీరన్న కాలు కూడా పడింది. ఫోన్ కాసేపు ఆలోచించి, తోలు చెప్పు, మగవాళ్లది అని చెప్పింది.

"గిది మాత్రం కరెక్టు చెప్పింది మామా," అంది మల్లిక. "నా మిరప మొలకలన్ని దీని నీడకు పాలిపోతున్నయ్. పీకేద్దాం."

"పూత రానియ్యి."

"పూతొస్తె ఏమైతది?"

బీరన్న మొక్క దగ్గరికి పోయి మొగ్గ కోసం వెతికాడు.

భద్రమ్మ మాత్రం ఎప్పుడూ లేనంత గట్టిగా పట్టుబట్టింది. అసలామె దొడ్డి సంగతి పట్టించుకునే మనిషి కాదు. "ఎందుకయ్యా ఆ గలీజు? పీకి అవతల పారెయ్యి. పిలగాళ్లు తిరిగే జాగా," అని పొద్దున ఒకసారి, బువ్వ పెట్టేటప్పుడు ఒకసారి అనేది. గురువారం పొద్దున బీరన్న లేచి చూసేసరికి సగం మొక్కలు లేవు.

"కోళ్లు గెలికినయ్," అంది భద్రమ్మ.

ఇంట్లో ఉన్నవి రెండు కోళ్లు, అందులో ఒకటి కుంటిది. ఆ రెండూ కలిసి పదిహేను మొక్కల్ని వేళ్లతో సహా పీకి, గడ్డితాడుతో కట్ట కట్టి, గోడ అవతల పారేశాయన్నమాట. బీరన్న ఆ కట్టను చూశాడు, ముడిని చూశాడు. ఆ ముడి వేసే చేతులతో నలభై ఏండ్లుగా కాపురం చేస్తున్నాడు. తుమ్మకంప కొట్టుకొచ్చి, మిగిలిన మొక్కల చుట్టూ కంచె వేశాడు. తనకు తెలియకుండా పెండ్లాం ఎందుకింత కష్టపడుతోందో అతనికి అర్థం కాలేదు.

ఒకనాటి మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. నరసింహ మేక గోడ దగ్గర కట్టేసి ఉంది. బీరన్న కంచెలోంచి ఒక రెమ్మ తెంపి దాని ముందు పట్టుకున్నాడు. తెలుసుకోవడానికి ఇంతకంటే దగ్గరి తోవ లేదు. మేక మెడ చాచింది. పెదవి రెమ్మకు తగిలింది. దాని ఊపిరి వెచ్చగా వేళ్లకు తాకింది. బీరన్న చేయి వెనక్కి లాక్కున్నాడు. మేక ఇంకా చాచింది. అతను రెమ్మను పంచె మడతలో దాచుకొని, మేక ముందే గొంతుక్కూర్చున్నాడు. తాను ఎంత దూరం దిగజారాడో కొలుచుకుంటున్నట్టు కూర్చున్నాడు.

ఆ వారమే టీకాలు వేయడానికి దివాకర్ ఊరికి వచ్చాడు. బీరన్న అతన్ని దొడ్డిలోకి తీసుకుపోయాడు. దివాకర్ మొక్క చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు.

"నాకు తెలియదు పెద్దయ్యా. మా యూనివర్సిటీలో పెద్దసార్లకు పంపిస్తా, పూత రాకుండా వాళ్లూ చెప్పలేరేమో," అన్నాడు. మోపెడ్ ఎక్కుతూ ఆగి అడిగాడు. "గా రోజు చచ్చిన గొర్ల కడుపు ఎవరన్న కోసి చూసిన్రా?"

"మా బామ్మర్ది కోసిండు. నేను గోతుల కాడున్న."

"మరి ఆయన్నే అడుగు."

అంత సులువైన మాట. రెండేండ్లుగా బీరన్న చేయలేని పని అదొక్కటే.

మర్నాడు ఒక మొక్కను వేళ్లతో తవ్వి, తడి తువ్వాలలో చుట్టుకొని బస్సెక్కాడు. నల్గొండలో బస్సు మారాడు. పక్క సీట్లో ముసలామె తువ్వాలను చూసి, "మోకాళ్ల నొప్పులకా అన్నా? జర ఒక ఆకియ్యి," అని చేయి చాచింది. బీరన్న మొక్కను ఒళ్లో దాచుకున్నాడు. ఆకు కూడా ఇవ్వని పిసినారి మనిషిని ఆమె కట్టంగూరు దాకా మొఖం తిప్పుకొని శిక్షించింది.

కోళ్ల ఫారం రోడ్డుకు లోపలగా ఉంది. కాటమయ్య రేకుల షెడ్డు ముందు దాణా బస్తా విప్పుతున్నాడు. చిక్కిపోయాడు. తలకు రుమాలు లేదు, చేతిలో కట్టె లేదు. కుర్మ మనిషిని ఆ రెండూ లేకుండా చూడటం బీరన్నకు బట్టల్లేకుండా చూసినట్టనిపించింది.

"ఏం బావా, తోవ తప్పినవా?" అన్నాడు కాటమయ్య. "లేకుంటె కోళ్లను మేపనీకి నిన్ను గూడ పిలిసిన్రా?"

"నిన్ను సూడనీకొచ్చిన."

"సూసినవ్ గద. గిట్లున్న. పదివేల కోళ్లు నా మంద. ఒక్కటి మాట ఇనది, ఒక్కటి తోవ నడ్వది. కూసో."

ఇద్దరూ బస్తాల మీద కూర్చున్నారు. కాటమయ్య పెండ్లాం చాయ్ తెచ్చిచ్చి, బీరన్న మొఖం చూసి, తన పెనిమిటి మొఖం చూసి, లోపలికి పోయింది. చాయ్ తాగడం అయ్యాక ఇక చేతులకు పని లేకపోయింది. బీరన్న తువ్వాల విప్పి నేల మీద పరిచాడు.

కాటమయ్య మొక్కను ముట్టుకోలేదు. వంగి ఆకు కూడా చూడలేదు. సూటిగా కణుపు వైపు చూశాడు.

"నువ్వు గీడికొచ్చింది అక్కకెర్కేనా?"

"లేదు. ఎందుకు?"

కాటమయ్య రెండు చేతులతో మొఖం తుడుచుకున్నాడు.

"గిదే బావా," అన్నాడు.

షెడ్డులో పదివేల కోళ్లు ఒక్కసారిగా అరిచినట్టనిపించింది. నిజానికి అవి ఇందాకటి నుంచీ అలాగే అరుస్తున్నాయి.

"ఎట్ల చెప్తవ్?"

"నల్ల గొర్రె కడుపు కోసిన గద. లోపల పిడికెడు పుల్లలున్నయ్, అరగలె. అన్నిటికి గిట్లనే ఊదా గాజులు."

"నా నాలుక మీద తియ్యగుండెరా. ఒట్టు."

"ఉంటది. నువ్వు ఎండిన ఆకు నమిల్నవ్. దానికి రెండొద్దుల ముందు జల్లు వడ్డది, యాదికున్నదా? మొదళ్ల కాడ పిలకలు లేసినయ్. గొర్లు ఎండిన ఆకు తింటయా, పచ్చి పిలకలు తింటయా?"

కోసిన జొన్న మోళ్లు వాన తడికి పిలకలేస్తే, వాటి మీదికి మందను తోలకూడదని బీరన్న అయిదేండ్ల వయసులో నేర్చుకున్నాడు. ముదురు ఆకు వేరు, మోడు మీద పిలక వేరు అని తన కొడుక్కు చెప్పాడు, కాటమయ్యకు చెప్పాడు, వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఆ కుంటలో మాత్రం వంగి మొదలు చూడలేదు. నిలబడ్డ చోటే చేతికందిన ఆకు తెంపి, కండ్లు మూసుకొని తీర్పు చెప్పాడు.

"గప్పుడే చెప్పకపోతివి."

"నువ్వు గోతులు తవ్వుతున్నవ్ బావా. ఎనక్కి మళ్లి సూసిన, నువ్వు ఏడుస్తున్నవ్. ఏమని చెప్పాలె?" కాటమయ్య దాణా గింజలు కొన్ని ఏరి మళ్లీ బస్తాలో వేశాడు. "ఊరికొచ్చినంక అక్కకు చెప్పిన. అక్క చేతులు వట్టుకున్నది. నీ బావకు గీ ఒక్క పేరే ఉన్నదిరా, గది గూడ పోతె మనిషి బతుకడు అన్నది. నేను ఊకున్న."

"నీయి ఇరవై రెండు పాయె."

"పాయె."

"నన్నొక్క మాట తిట్టకపోతివి."

"తిట్టేటోన్నే. ఎదురుంగ కూసుంటె తిడ్తనని భయపడే రాకుంటయిన," అన్నాడు కాటమయ్య.

లేచేటప్పుడు కాటమయ్య లోపలికి పోయి, పెంకు చిట్లిన గుడ్లు ఇరవై దాకా ఒక డబ్బాలో పెట్టి అక్కకిమ్మని ఇచ్చాడు. బీరన్న ఒక చేత మొక్క, ఒక చేత గుడ్లు పట్టుకొని బస్సు కోసం నిలబడ్డాడు. తిట్టి పంపినా బాగుండేది. గుడ్లిచ్చి పంపాడు.

పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాడు. భద్రమ్మ డబ్బా మూత తీసి చూసింది. ఎక్కడివని అడగలేదు.

"ఎట్లున్నడు తమ్ముడు?"

"చిక్కిండు."

"ఏమన్నడు?"

"నువ్వు అనొద్దన్న మాటే అన్నడు."

భద్రమ్మ డబ్బా కింద పెట్టి, గడప మీద కూలబడింది. దొడ్డిలో మొదటి కణుపు చూసిన రోజునుంచీ ఆమెకు నిద్ర లేదని బీరన్నకు అప్పుడు అర్థమైంది. ఈ ఇంట్లో, ఆ ఫారంలో, రెండేండ్లుగా అతనొక్కడే ఏమీ తెలియనివాడు. వాళ్లు అతన్ని మోస్తున్నారు. కాలు విరిగిన గొర్రెను భుజాన వేసుకున్నట్టు మోస్తూ, ఆ సంగతి గొర్రెకు తెలియనివ్వలేదు.

"పీకేద్దామంటె ఇనకపోతివి," అంది భద్రమ్మ. "ఇగనన్న పీకు. ఎవలికెర్క? నీకు, నాకు, నా తమ్మునికి. పొయ్యిల వెడ్తె పిడికెడు బూడిదైతది. రోగమొచ్చిందన్నం, రోగమే అనుకుంటరు."

"వచ్చే ఎండాకాలం గా తోవన ఇంకో మంద దిగుతది గద."

"దిగనియ్యి. వాళ్ల నసీబు."

అని, తానన్న మాట తనకే వినిపించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బీరన్న మూడు రోజులు దొడ్డిలో, కంచె పక్కన కూర్చున్నాడు. గడ్డపార తెచ్చుకున్నాడు, పక్కన పెట్టుకున్నాడు. మల్లిక పిలిస్తే పోయి తిన్నాడు, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. పీకితే బీరన్న బీరన్నలాగే ఉంటాడు. ఎవరో ఒకరు రేపో మాపో ఒక ఆకు తెచ్చి చేతిలో పెడతారు, అతను కండ్లు మూసుకుంటాడు. ఉంచితే అతని దగ్గర ఏమీ మిగలదు. మంద పోయింది, కట్టె మూలకు చేరింది. ఆ నాలుక ఒక్కటే ఉండె. అరవై ఏండ్ల మనిషి ఇంకో విద్య ఎక్కడ నేర్చుకుంటాడు? మూడో రోజు సాయంత్రం గడ్డపార తీసుకుపోయి కొట్టంలో పెట్టాడు. ధైర్యం వచ్చి కాదు. నల్ల గొర్రె అతను పేరు పెట్టి పెంచుకున్నది. అదే పదేపదే కంటి ముందు నిలబడింది.

ఆదివారం కుర్మ సంఘం మీటింగు. టెంటు సామాను కొనాలా, వంట పాత్రలు కొనాలా అని రెండు గంటలుగా తెగడం లేదు. బీరన్న లేచి నిలబడి, తువ్వాలలోంచి మొక్క తీశాడు.

"రెండేండ్ల కింద మా గొర్లు సచ్చింది రోగమొచ్చి గాదు. గిది తిని. కాటమయ్య వద్దన్నడు. నేనే మేపిన."

తిడతారనుకున్నాడు. నవ్వుతారేమోనని కూడా అనుకున్నాడు, దానికీ సిద్ధపడే వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఒకాయన దగ్గాడు. ఒకాయన చెప్పులు సర్దుకున్నాడు. అందరూ అతన్ని చూడనట్టే నటిస్తూ చూశారు. కాసేపటికి సంఘం పెద్ద, "మంచిది, కూసో బీరన్నా," అని, "పాత్రల సంగతి ఏం జేద్దాం మరి?" అన్నాడు. బీరన్న కూర్చున్నాడు. గంగాళాలు ఎన్ని కావాలో లెక్క తేలేదాకా మొక్క అతని ఒళ్లోనే ఉంది.

ఆ తర్వాత అతని ఇంటికి ఎవరూ ఆకు తేలేదు. గడ్డి సంగతి మాట్లాడుకుంటూ దారిలో ఎదురైనవాళ్లు అతన్ని చూసి వాన సంగతిలోకి మారిపోయేవాళ్లు. మర్యాద అంటే ఏమిటో బీరన్నకు ఆ నెలలో బాగా తెలిసింది.

అయినా మొక్కలను ఉంచాడు. దొడ్డిలో ఒక మూల ఆరు మొక్కలు, చుట్టూ రెండు వరసల కంప. మిగతా నేలంతా మల్లికకు ఇచ్చేశాడు. ఆరింట్లో రెండింటిని పచ్చగా ఉండనిచ్చాడు. రెండింటిని నీళ్లు తగలకుండా పైన తాటాకు కప్పి నిలువునా ఎండబెట్టాడు. రెండింటిని మొదలు దాకా కోసి, చెంబుతో నీళ్లు చల్లి పిలకలు లేపాడు. మొగ్గ కనిపిస్తే గింజ పడకముందే గిల్లి పొయ్యిలో వేసేవాడు. దివాకర్ కోసం ఒకే ఒక్క పువ్వును విచ్చుకోనిచ్చాడు, తెల్లగా, నువ్వు గింజంత. దాన్ని ఆయన ఫోటో తీసుకుపోయాడు. ఇంకా ఏ సంగతీ తెలియలేదు.

మల్లిక మొదట సణిగింది. తర్వాత ఒక రోజు అత్త నోటి నుంచి సంగతంతా విని, మొగ్గలు గిల్లే పనికి తాను కూడా కూర్చుంది. భద్రమ్మ మాత్రం ఆ మూలకు రాదు. బట్టలు ఆరేసినా వీపు అటే పెట్టి ఆరేస్తుంది.

దసరా దాటాక ఒకరొకరుగా గొర్లకాపరులు రావడం మొదలైంది. పరామర్శకు వచ్చినట్టు తలలు వంచుకొని వచ్చేవాళ్లు. బీరన్న వాళ్లను కంచె దగ్గరికి తీసుకుపోయి, ముందు పచ్చనిది, తర్వాత ఎండినది, చివరికి పిలకలేసిన మోడు చూపించేవాడు. "ఆకు సూడకురి, వంగి మొదలు సూడురి," అనేవాడు. ప్రతివాడూ వంగేవాడు. వాళ్లు వంగినప్పుడల్లా, రెండేండ్ల కింద తాను వంగని ఆ ఒక్కసారి అతనికి నడుములో పొడిచేది. వాళ్లు చూసి, చాయ్ తాగి, పోయేవాళ్లు. పోయాక అతను చాలాసేపు కంచె పట్టుకొని నిలబడేవాడు.

ఒక మాపటి వేళ దేవరకొండ అవతలి తండాల వైపు నుంచి ఐలేశం అనే నడీడు మనిషి వచ్చాడు. భుజాన గొంగడి, మోకాళ్ల దాకా దుమ్ము. మూడు రకాలూ శ్రద్ధగా చూశాడు, వంగి చూశాడు, కణుపును గోటితో గీకి చూశాడు. లేచి నిలబడి, నడుం పట్టుకొని, సంతృప్తి లేని మొఖం పెట్టాడు.

"గింత దూరం నడిసొస్తి పెద్దయ్యా. పచ్చిది సూపెట్టినవ్, ఎండింది సూపెట్టినవ్, పిలక సూపెట్టినవ్. పేరు మాత్రం చెప్పకపోతివి. పేరు లేని గడ్డిని మావోళ్లకు ఏమని చెప్పాలె, ఎట్ల యాదికుంటది వాళ్లకు?"

బీరన్న తుమ్మకంప సర్దుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"నా పేరు పెట్టు బిడ్డా, ఎవలు మర్శిపోరు."